బలి మానేశాం... మరి వైద్యం?





ఈసారి మనం మాట్లాడుకోబోయేది ఒక కోడిపెట్ట గురించి. నవ్వకండి. నిర్వాణం గురించీ, ప్రజ్ఞ గురించీ రాసే పుస్తకంలో కోడి ఏంటని కొందరికి అనిపించొచ్చు. కానీ ధమ్మం మన ఇంట్లోకి నిజంగా వచ్చిందా, గోడ మీద ఫోటో దగ్గరే ఆగిపోయిందా అనేది సభల్లో తేలదు. పెరట్లో కోడి రెక్కలు వాల్చిన రోజున తేలుతుంది.

పోయిన ఎండాకాలం ఒక పేటకి పౌర్ణమి వందనకి వెళ్ళాను. ఆ పేటవాళ్ళు దీక్ష తీసుకుని ఎనిమిదేళ్ళయింది. త్రిశరణాలు, పంచశీలాలు చెప్పుకున్నాం. నేను కార్యకారణ సిద్ధాంతం మీద ముప్పావు గంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలో నుంచి ఒక అక్క లేచింది. ఆమెకి భర్త లేడు. కూలికి పోతుంది. పదకొండు నాటుకోళ్ళున్నాయి. గుడ్లమ్మి, పండగలకి ఒకటో రెండో పుంజుల్నమ్మి పిల్ల చదువు ఖర్చు వెళ్ళదీస్తుంది.

"తమ్ముడూ, నువ్వు చెప్పిందంతా బానే ఉంది. మా పెట్ట పొద్దుటి నుంచీ మేత ముట్టలేదు. మూలకి చేరి కునుకుతోంది. ఆకుపచ్చగా పారుతోంది. ఇప్పుడు దాన్నేం చెయ్యమంటావో చెప్పు."

నాకు నోట మాట రాలేదు. ముప్పావు గంట కారణాల గురించి మాట్లాడినవాణ్ణి, కళ్ళముందున్న ఒక్క కోడి జబ్బుకి కారణం చెప్పలేకపోయాను. నేను తడుముకుంటుంటే పేటవాళ్ళే జవాబులు చెప్పడం మొదలుపెట్టారు.

ఆమె అత్తగారు అంది: "ఏటా పోలేరమ్మకి కోడినిచ్చేవాళ్ళం. దీక్ష తీసుకున్నాక మానేశాం. అమ్మ అడుగుతోంది. ఒకదాన్నిస్తే మిగతావి నిలుస్తాయి."

ఇంకొకావిడ అంది: "నిన్న పక్కింటామె వాకిట్లో నిలబడి వీటిని లెక్కపెట్టింది. ఆమె కన్ను మంచిది కాదు."

ఒక కుర్రాడు అన్నాడు: "రేపు సంత. చూపుకి బాగున్నవాటిని తెల్లారేసరికి అమ్మేస్తే సరి."

ఒక పెద్దాయన అన్నాడు: "చచ్చాక దేనికీ పనికిరాదు. ఈ రాత్రికే కోసుకోండి."

అయిదు నిమిషాల్లో నాలుగు జవాబులు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ అరగంట క్రితం నాతోపాటు చేతులు జోడించి పంచశీలాలు చెప్పినవాళ్ళే. అన్నిటికంటే అత్తగారి మాట నాకు గట్టిగా తగిలింది. ఆమె కోడి గురించి కాదు, దీక్ష గురించి అంటోంది. "మీ ధమ్మం వచ్చాకే మా కోళ్ళు చస్తున్నాయి" అని ఆ మాటకి అర్థం. ఆ నింద ఒక ఇంట్లో నాటుకుంటే వచ్చే ఏడు ఆ ఇంట్లో మొక్కు మళ్ళీ మొదలవుతుంది. ఇంకో ఏడాదికి పేట మొత్తం వెనక్కి పోతుంది. ఇలా వెనక్కి పోయిన పేటలు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అశోకుడి రెండు మాటలు

కర్నూలు జిల్లాలో గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి అనే ఊరుంది. అక్కడ గుట్ట మీద బండలపై అశోకుడి శాసనాలున్నాయి. 2,200 ఏళ్ళు దాటింది. మన తెలుగు నేల మీదే ఉన్నాయి, వీలుంటే పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

పెద్ద శిలాశాసనాల వరసలో మొదటిది జంతువుల్ని బలి ఇవ్వొద్దంటుంది. తన వంటశాలలో రోజూ లక్షలాది ప్రాణుల్ని చంపేవాళ్ళనీ, దాన్ని రెండు నెమళ్ళకీ ఒక జింకకీ తగ్గించాననీ, ముందుముందు అవీ చంపబోరనీ అశోకుడు అందులో చెప్పుకున్నాడు. దాని వెంటనే వచ్చే రెండో శాసనం దేని గురించో తెలుసా? వైద్యం గురించి. మనుషులకీ పశువులకీ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేని చోటికి తెప్పించి నాటించాననీ, దారుల పక్కన బావులు తవ్వించాననీ.

ఆ వరస చూడండి. మొదట బలి ఆపాడు. ఆ వెంటనే వైద్యం పెట్టాడు. మనం మొదటి శాసనాన్ని పాటించాం. పోలేరమ్మకి కోడినివ్వడం ఆపాం. మంచిదే. కానీ రెండో శాసనాన్ని మర్చిపోయాం. బలి ఉన్న చోట ఖాళీ వదిలేశాం. జబ్బొచ్చినప్పుడు మనిషికి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. చెయ్యడానికి మనమేదీ చూపించకపోతే, పాత మొక్కే ఆ ఖాళీలోకి తిరిగొస్తుంది. అత్తగారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆమెకి ఉన్న ఒక్క దారినీ మూసేసి, ఇంకో దారి చూపించకుండా వదిలేసింది మేమే.

ఎవరు చేశారని కాదు, ఎట్లా వచ్చిందని

నాకు తెలిసిన ఒక పశువుల డాక్టరుకి ఆ రాత్రే ఫోను చేసి, ఫోను అక్క చేతికిచ్చాను. ఆయన ఆమెని వరసగా ప్రశ్నలడిగాడు. నోరు తెరిచి గురక పెడుతోందా? మెడ వంకర పోతోందా? కాలు గానీ రెక్క గానీ ఈడుస్తోందా? ఎన్నింటికి ఉంది? ఈ పది రోజుల్లో బయటి నుంచి కోళ్ళనేమైనా తెచ్చారా?

చివరి ప్రశ్నకి అక్క ఆగిపోయింది. "వారం క్రితం సంతలో రెండు పెట్టపిల్లల్ని కొన్నాను. చవగ్గా వచ్చాయని. ఒకటి మూడో రోజే చచ్చిపోయింది. ఎండకేమో అనుకున్నా" అంది.

"ఇది కొక్కెర తెగులులాగే ఉంది" అన్నాడు డాక్టరు. దాన్నే రాణిఖేత్ వ్యాధి అంటారు. వైరస్ వల్ల వస్తుంది. జబ్బుకోడి రెట్టలో, ముక్కు చీమిడిలో ఆ వైరస్ ఉంటుంది. అది తాగిన నీళ్ళ మూకుడులో, తిన్న నూకల్లో, మన చెప్పులకంటిన రెట్టలో ప్రయాణం చేసి ఇంకో కోడికి చేరుతుంది. ఒకసారి వచ్చాక దానికి మందు లేదు. నీళ్ళలో కలిపే యాంటీబయాటిక్ పొడులు వైరస్‌ని చంపవు. ముందే టీకా వేయించుకోవడం ఒక్కటే రక్ష.

చూడండి బంధువులారా! డాక్టరు ఒక్కసారి కూడా "ఎవరు చేశారు" అని అడగలేదు. ఎప్పుడు, ఎక్కడ నుంచి, ఎట్లా అని అడిగాడు. బుద్ధుడు నేర్పింది ఈ పద్ధతినే. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, ఆ కారణాన్ని ఆపొచ్చు, ఆపడానికి మార్గం ఉంది. నాలుగు ఆర్యసత్యాలు పెరట్లోకి వస్తే ఇట్లా ఉంటాయి. విషబాణం తగిలిన మనిషి, దాన్ని వేసిందెవరు, ఏ కులంవాడు, ఏ ఊరివాడు అని తేలేదాకా పీకనివ్వనంటే ఏమవుతుందో తథాగతుడు చెప్పిన కథ మనకి తెలుసు. పక్కింటామె కన్ను మీద మాట్లాడుకుంటూ కూర్చుంటే మనమూ ఆ మనిషిలాంటివాళ్ళమే.

ఇంకో మాట. కన్ను, దిష్టి, చేతబడి అనే మాటలు కోడితో మొదలై కోడితో ఆగవు. మన రెండు రాష్ట్రాల్లోనూ చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టినవాళ్ళున్నారు, చంపినవాళ్ళున్నారు. అట్లా బలైపోయేది ఎక్కువగా ఎవరు? అండలేని ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, మనలాంటి పేదలు. ఆ పక్కింటామె కోళ్ళు కూడా నాలుగు రోజుల తర్వాత పడ్డాయి. తన కన్ను తన కోళ్ళకే తగిలిందంటారా?

ఆ రాత్రి చేసిన పని

డాక్టరు చెప్పినట్టు అక్క ఆ రాత్రే మొదలుపెట్టింది. మీ ఇంట్లోనూ పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కునుకుతున్న పెట్టని మిగతావాటి నుంచి దూరంగా, గాలి తగిలే నీడలో గంప కింద పెట్టింది. దానికి వేరే నీళ్ళు, వేరే మేత. ముందు బాగున్న కోళ్ళకి మేత వేసి, చివర్లో జబ్బుకోడి దగ్గరికి వెళ్ళడం. తిరిగొచ్చాక సబ్బుతో చేతులు, కాళ్ళు, చెప్పులు కడుక్కోవడం. గూట్లో రెట్టంతా ఊడ్చి తీసి, సున్నం చల్లడం. మూకుళ్ళు కడిగి ఎండలో బోర్లించడం. పిల్లల్ని ఆ మూలకి పోనివ్వకపోవడం. చచ్చిన కోడిని కాలవలోనో దిబ్బ మీదో పారెయ్యకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చడం.

ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఊళ్ళో ఒక్కసారిగా చాలా కోళ్ళు పడిపోతున్నా, తలలు వాచి తురాయిలు నీలంగా మారుతున్నా అది బర్డ్‌ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది చూశాం. అటువంటప్పుడు ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు, కొయ్యొద్దు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి. పశువుల అంబులెన్సు కోసం 1962కి ఫోను చెయ్యొచ్చు.

సంత మాట, కోత మాట

కుర్రాడి సలహా గుర్తుందా? తెల్లారేసరికి అమ్మేద్దామన్నాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను: "మీ అక్క ఇంటికి ఈ జబ్బు ఎట్లా వచ్చింది?" "సంత నుంచి." "సంతకి ఎట్లా వచ్చింది?" కాసేపు తలొంచుకున్నాడు. "ఎవరో నాలాగే ఆలోచించి అమ్మారు" అన్నాడు.

అంతే. అంతకంటే నేను చెప్పాల్సింది లేకపోయింది. సమ్యక్ ఆజీవం అంటే దొంగతనం చెయ్యకుండా బతకడం ఒక్కటే అనుకుంటాం. మన నష్టాన్ని చవగ్గా ఇంకొకరికి అంటగట్టకుండా ఉండడం కూడా సమ్యక్ ఆజీవమే. చవక కోడిని కొనేది ఎప్పుడూ ఇంకో పేదరాలే. బాగుందని చెప్పి అమ్మితే నాలుగో శీలం కూడా తప్పినట్టే.

పెద్దాయన కోసుకోమన్నాడు. ఆయన ఆకలి చూసినవాడు, అందుకే అన్నాడు. నేను ఆయనకి మహద్ సంగతి చెప్పాను. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళ హక్కు గురించే మాట్లాడి ఊరుకోలేదు. చచ్చిన పశువు మాంసం తినడం మానండి, పారేసిన ఎంగిలి తీసుకోవడం మానండి అని మనవాళ్ళకి చెప్పారు. మన పూర్వీకులు రుచి కోసం దాన్ని తినలేదు. వేరే తిండి దొరక్కుండా చేశారు కాబట్టి తిన్నారు. ఇప్పుడు మనంతట మనం జబ్బుదీ చచ్చినదీ మన పిల్లల పళ్ళెంలో పెట్టొద్దు. అది ఆరోగ్యానికీ మంచిది కాదు, ఆత్మగౌరవానికీ మంచిది కాదు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తెల్లారి గొయ్యి తవ్వింది ఆయనే.

మొదటి శీలం సంగతేంటి?

డిగ్రీ చదివే ఒకమ్మాయి సూటిగా అడిగింది: "అన్నా, కోళ్ళని పెంచి అమ్ముకుంటాం. పండక్కి తింటాం. మనం పాణాతిపాతం గురించి మాట్లాడొచ్చా?"

మంచి ప్రశ్న. దాటేయకూడదు. బుద్ధుడు అహింసని సూత్రంగా చెప్పాడు గానీ గుడ్డిగా పాటించే కట్టుబాటుగా చెప్పలేదని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు. చంపాలన్న కోరిక వేరు, అవసరం వేరు అని తేడా చూపించారు. కట్టుబాటు అయితే ఆలోచించే పని లేదు. సూత్రం అయితే ప్రతిసారీ మనమే ఆలోచించి, మనమే బాధ్యత తీసుకోవాలి. కాబట్టి మొదటి శీలం మనకి సులువు కాలేదు, ఇంకా బరువైంది. తాయెత్తు కోసం, మొక్కు కోసం, పందెం కోసం ప్రాణం తియ్యడానికి అవసరం అనే పేరు పెట్టలేం. పెంచుకున్నన్నాళ్ళూ దానికి నీళ్ళు, నీడ, టీకా ఇవ్వకుండా వదిలేసి, "మేం చంపలేదు, అదే చచ్చింది" అంటే అదీ శీలం కాదు.

మెడ మెలిపడి నీళ్ళు కూడా దిగని కోడిని డాక్టరు చూసి, ఇక బతకదు, బాధ లేకుండా ప్రాణం తీసేద్దాం అంటే, కరుణతో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను. అక్క మాత్రం ఆ పెట్ట దగ్గర కూర్చుంది. చెంచాతో నీళ్ళు పోసింది. తెల్లవారుజామున అది పోయింది.

ఆమెని చూస్తే నాకు విహారంలో జబ్బుపడ్డ భిక్షువు కథ గుర్తొచ్చింది. కడుపు జబ్బుతో తన మలంలోనే పడున్న ఆ భిక్షువుని తోటివాళ్ళెవరూ పట్టించుకోలేదు. ఎందుకయ్యా అంటే, ఇతనివల్ల మాకు ఉపయోగం లేదు కాబట్టి అన్నారు. తథాగతుడు ఆనందుడితో నీళ్ళు తెప్పించి, తాను నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాక, ఇద్దరూ కలిసి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చెయ్యాలనుకునేవాళ్ళు రోగికి సేవ చెయ్యండి అని తర్వాత సంఘానికి బోధించారు. గుడ్డు పెట్టని రోజున కూడా కోడికి నీళ్ళు పట్టిన చెయ్యి, రేపు మంచం పట్టిన అత్తగారికీ పడుతుంది. కరుణకి రెండు సంచులుండవు.

ఒక్క సీసా, ఒక్క పేట

పది రోజుల్లో అక్క కోళ్ళలో అయిదు పోయాయి. ఆరు నిలిచాయి. "చూశారా, ధమ్మం ఆరింటిని కాపాడింది" అని రాయాలని నాకూ ఆశ పుట్టింది. రాయను. మొక్కు మొక్కినా కొన్ని పోయేవి, కొన్ని నిలిచేవి. నిలిచినవాటి పేరు అప్పుడు పోలేరమ్మకి దక్కేది. మొక్కులు ఇన్నాళ్ళు బతికింది ఈ లెక్క మీదే. ఆ లెక్క మనం బుద్ధుడి పేరుతో వెయ్యకూడదు. నిజం ఏంటంటే, ముందే టీకా వేయించి ఉంటే పదకొండూ నిలిచే అవకాశం చాలా ఎక్కువ.

మరి ఎందుకు వేయించలేదు? డాక్టరుని అడిగాను. ఆయన చెప్పింది వినండి. టీకా సీసా ఒక్క కోడికి వచ్చేది కాదు. వంద, అంతకంటే ఎక్కువ కోళ్ళకి సరిపడా ఉంటుంది. మందుషాపు ఫ్రిజ్‌లో నుంచి తీసింది మొదలు ఐసులోనే తేవాలి. ఒకసారి కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్ళున్న ఇల్లు ఒంటరిగా వేయించుకోవాలంటే తొంభై మోతాదులు పారబోయాలి. కాబట్టి ఎవరూ వేయించుకోరు. అందరి కోళ్ళూ పోతాయి.

బంధువులారా, బుద్ధం శరణం, ధమ్మం శరణం అన్నాక సంఘం శరణం అని ఎందుకంటామో నాకు ఆ సీసా దగ్గర ఇంకోసారి అర్థమైంది. ఒక్క ఇంటికి చేతకానిది పేటంతా కలిస్తే ఒక్క పొద్దుటి పని.

తర్వాతి పౌర్ణమికి ముందురోజు ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి కోళ్ళని లెక్కపెట్టారు. ఈసారి లెక్కపెడితే ఎవరికీ దిష్టి తగల్లేదు! ఇంటికింత అని చందా వేసుకున్నారు. ఆ కుర్రాడే ఐసు డబ్బాలో సీసాలు తెచ్చాడు. జబ్బున్న కోడికి టీకా వెయ్యరు, ఆరోగ్యంగా ఉన్నదానికే వెయ్యాలి. పుట్టిన మొదటి వారంలో పిల్లకి కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్ళీ చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెక్క కింద ఆర్‌టూబీ సూది. ఆ తర్వాత ఎన్నాళ్ళకోసారి వెయ్యాలో మీ పశువుల డాక్టరు చెబుతారు. సంత నుంచి కొత్త కోడి తెస్తే రెండు వారాలు విడిగా ఉంచాలని కూడా పేటలో మాట అనుకున్నారు.

చల్లపూట, ఎండెక్కకముందే పని అయిపోయింది. కోళ్ళని పట్టుకుని రెక్క ఎత్తి చూపించినవాళ్ళలో ఆ అత్తగారు కూడా ఉంది. ఆమె నాతో, "అబ్బాయ్, ఈ పనేదో దీక్ష ఇచ్చిన రోజే చెప్పుంటే ఎనిమిదేళ్ళు నేను లోపల్లోపల భయపడేదాన్ని కాదు కదా" అంది.

ఆ మాట నాకే కాదు, ధమ్మం చెప్పే మనందరికీ. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది మందితో చేయించిన ప్రతిజ్ఞల్లో పాత దేవుళ్ళని వదిలే మాటలున్నాయి, సకల ప్రాణుల పట్ల కరుణతో ఉండి వాటిని కాపాడతామన్న మాటా ఉంది. వదలాల్సినవి వదిలాం. కాపాడే పని దగ్గర ఇంకా బాకీ ఉన్నాం.

కాబట్టి ఈ పుస్తకం చదివిన ప్రతి పేటకీ నా విన్నపం ఒక్కటే. వచ్చే పౌర్ణమి వందన అయ్యాక పది నిమిషాలు కేటాయించండి. మన పేటలో ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని కోళ్ళున్నాయో రాసుకోండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి ఇద్దరు వెళ్ళి టీకా రోజు అడిగి రండి. ఎండాకాలం రాకముందే వేయించండి. ఏ అక్కా వెనక వరసలో నుంచి లేచి "ఇప్పుడేం చెయ్యమంటావు తమ్ముడూ" అని ఒంటరిగా అడగాల్సిన అవసరం రాకూడదు.

సబ్బే సత్తా సుఖీ హోంతు. భవతు సబ్బ మంగళం.

జై భీమ్! నమో బుద్ధాయ!